లారీ కాంటా మీద సూట్‌కేసు

ఆగస్టు నెలాఖరు శనివారం పొద్దున అబ్బయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు సూట్‌కేసు తూకం, పదకొండింటికి ఇంట్లో ప్రార్థన కూటం, ఒంటిగంటకు భోజనాలు, రెండున్నరకు శంషాబాద్ ప్రయాణం. సాయంత్రం ఏడున్నర విమానంలో కూతురు ఫెబా ఫిన్లాండ్ వెళ్తుంది. ఒక సెమిస్టర్ అక్కడి యూనివర్సిటీలో చదువుకుని జనవరిలో తిరిగొస్తుంది. ఆమె కాలేజీకీ ఆ యూనివర్సిటీకీ మధ్య ఎక్స్‌చేంజ్ ఒప్పందం ఉంది. కాలేజీ మొత్తంలో ఇద్దరినే ఎంపిక చేస్తే అందులో ఫెబా ఒకతె. ఈ సంగతి నాచారంలో అబ్బయ్య చెప్పని మనిషి మిగలలేదు. వారం నుంచి విన్నవాళ్లకే మళ్లీ చెబుతున్నాడు.

అబ్బయ్య నాచారం పారిశ్రామికవాడలో పాతికేళ్లుగా లారీ కాంటా ఆపరేటరు. సరుకుతో వచ్చిన బండిని ఒకసారి తూస్తాడు. అంకె రాసుకుని చెయ్యి ఊపి "రైట్, పో!" అంటాడు. ఆ బండి వెళ్లి సరుకు దించి వచ్చాక మరోసారి తూస్తాడు. మొదటిది నిండు కాంటా, రెండోది ఖాళీ కాంటా. తేడా ఎంతో అదే సరుకు బరువు. ఈ పాతికేళ్లలో నిండు కాంటా వేసుకున్న బండి ఖాళీ కాంటాకు తిరిగి రాకపోవడం ఒక్కసారి కూడా జరగలేదని అతనికి గొప్ప గర్వం.

అలాంటి మనిషికి కూతురి సూట్‌కేసు ఇరవై మూడు కిలోలు దాటకూడదని ట్రావెల్ ఏజెంటు చెప్పాడు. అంతే, అబ్బయ్యకు వారం రోజులుగా నిద్ర లేదు. బరువు ఎక్కువైతే విమానాశ్రయంలో అందరి ముందూ పెట్టె విప్పిస్తారని, బట్టలన్నీ నేల మీద పరిపిస్తారని ఎవరో చెప్పారు. తన కూతురికి ఆ అవమానం జరగడమా? అదీ ఒక తూకం మనిషి కూతురికి?

"ఇరవై మూడుకు అరకిలో తక్కువే ఉన్నది," అంది భార్య సారమ్మ, పెట్టెను పిడి పట్టి ఒక్కసారి ఎత్తి దించి. లాలాపేట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆమె ఆయా. పుట్టిన బిడ్డను చేతిలోకి తీసుకోగానే బరువు చెప్పేస్తుంది. నర్సులు ఆ తర్వాత తూకం వేసేది రిజిస్టరు నింపడానికే.

"చేత్తోని చెప్తే ఎయిర్‌పోర్టోళ్లు ఒప్పుకుంటరా? కాంటా ఏస్త," అన్నాడు అబ్బయ్య.

"డాడీ, నీ కాంటా పదేసి కిలోలు లెక్క చూపిస్తది. అయితే ఇరవై అంటది, లేకుంటే ముప్పై అంటది," అంది ఫెబా.

"ముప్పై అంటే, ఇరవై అనేదాక తీసేద్దం."

"ఇంకో చిన్న పెట్టె గూడ సదిరిన. కారంపొడి, మామిడికాయ తొక్కు, సకినాలు. బిడ్డ ఆ సలిదేశంల ఏం తింటది?" అని సారమ్మ మంచం కింద నుంచి ఇంకో పెట్టె లాగింది.

"ఒక్కటే పెట్టె! రెండోది తీస్కపోతే వాపసు పంపుతరు," అని అబ్బయ్య దాన్ని కాలితో మళ్లీ మంచం కిందికి తోశాడు. సారమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టు కాదని పాతికేళ్ల కాపురంలో అబ్బయ్యకు ఇంకా తెలియలేదు.

ఫెబా తలస్నానానికి వెళ్లింది. ఆమె హ్యాండ్‌బ్యాగులో పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఉత్తరం ఉన్న ఫైలు కనిపించాయి. విమానం ఎక్కే సరుకంతా ఒక్కసారే తూయాలి, బరువు ఎక్కడున్నా బరువే అనుకుని, అబ్బయ్య వాటిని సూట్‌కేసు పైజేబులో పెట్టి స్కూటరు ముందు నిలబెట్టుకుని కాంటాకు బయలుదేరాడు.

కాంటా మీద పెట్టె ఒక్కటే పెడితే యంత్రం సున్నా చూపింది. లారీలు మోసే ఆ ఇనుప పలకకు సూట్‌కేసు లెక్కలోకి రాలేదు. పెద్ద బరువు మీద పెట్టి తూస్తే తప్ప తేలదు. అప్పుడే టెంట్‌హౌస్ ట్రాలీ నడిపే ఎల్లేష్ వచ్చాడు. ఎల్లేష్ వాళ్ల గల్లీలో పొద్దునపూట కరెంటు ఉండదు, కాంటా గదిలో ఇన్వర్టరు ఉంది కాబట్టి రోజూ పొద్దున తన సెల్‌ఫోను అక్కడే చార్జింగుకు పెడతాడు.

"ఎల్లేషూ, జర నీ బండి కాంటా మీదికెక్కియ్. పెట్టెతోని ఒకసారి, పెట్టె లేకుండ ఒకసారి తూద్దం."

"అట్లనే అన్నా," అని ఎల్లేష్ షామియానా గుడ్డలు, కుర్చీలు ఉన్న ట్రాలీలో సూట్‌కేసును జాగ్రత్తగా నిలబెట్టి, బండిని పలక మీదికెక్కించాడు.

అంకె నిలబడుతుండగా అబ్బయ్య ఫోను మోగింది. చర్చి పాస్టరుగారు. "అబ్బయ్యా, కూటం పదకొండింటికేనా?" అని అడిగారు. "వందనాలయ్యగారూ! పదకొండింటికే. ఫిన్లాండయ్యగారూ, అక్కడ ఎండాకాలం గూడ సలే..." అంటూనే అబ్బయ్య చీటీ మీద అంకె రాసుకున్నాడు. రాసుకున్న చెయ్యి దానంతటదే పైకి లేచింది. నోరు దానంతటదే అంది.

"రైట్, పో!"

ఎల్లేష్ పోయాడు.

ఫిన్లాండ్ మంచు గురించి అయ్యగారికి పావుగంట చెప్పి ఫోను పెట్టేశాక, అబ్బయ్య ఖాళీ కాంటా కోసం కిటికీలోంచి చూశాడు. పలక మీద ట్రాలీ లేదు, ట్రాలీలో పెట్టె లేదు, పెట్టెలో పాస్‌పోర్టు... వెంటనే ఎల్లేష్‌కు ఫోను చేశాడు. మోగింది. తన బల్ల పక్కనే, చార్జరుకు వేలాడుతూ.

రెండో నిమిషంలో అబ్బయ్య ఫోను మోగింది. "డాడీ, నా పాస్‌పోర్ట్ కనపడ్తలేదు!"

"దొరికింది బిడ్డా," అన్నాడు అబ్బయ్య. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, "అంటే, పోయింది. నువ్వు జల్దీ రా. మమ్మీకి చెప్పకు," అన్నాడు.

తడి జుట్టుతో స్కూటీ మీద వచ్చిన ఫెబా జరిగిందంతా వింది. ఏడాది పాటు రాసిన పరీక్షలు, ఇంటర్వ్యూ, వీసా కోసం తిరిగిన తిరుగుళ్లు, అన్నీ కలిపి ఒక టెంట్‌హౌస్ బండిలో ఎటో పోతున్నాయి. ఆమె కళ్లలో నీళ్లు చూసి అబ్బయ్యకు తన పాతికేళ్ల ఉద్యోగం మీద మొదటిసారి అసహ్యం వేసింది.

"ఏడ్వకు బిడ్డా. నిండు కాంటా ఏసిన బండి ఏడికి పోతది? తెస్త," అని కాంటా గదికి తాళం వేసి, ఇత్తడి బిళ్ల ఉన్న తాళంచెవి చేత్తో పట్టుకుని ఆమె వెనక కూర్చున్నాడు.

ఎల్లేష్ పనిచేసే ఉప్పల్ టెంట్‌హౌస్‌లో యజమాని సీతారామయ్య తీరిగ్గా టీ తాగుతున్నాడు. "ఎల్లేషా? చెంగిచెర్ల పోయిండు. నరసింహమూర్తి సార్ బిడ్డ నిశ్చితార్థం. కొత్త కాలనీల మొదటి ఇల్లు," అన్నాడు.

ఉప్పల్ రింగ్ రోడ్డులో మెట్రో పిల్లర్ల కోసం తవ్విన గుంతల మధ్య బస్సులు, లారీలు, ఆటోలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉన్నాయి. ఫెబా స్కూటీని ఎక్కడ సందు దొరికితే అక్కడ దూర్చింది. వెనక అబ్బయ్య, "జరగన్నా, జరగు! నా బిడ్డ ఫిన్లాండ్ పోవాలె!" అని అరుస్తున్నాడు. ఇంతవరకూ వినని నలుగురైదుగురు లారీ డ్రైవర్లకు కూడా ఆ విధంగా సంగతి తెలిసిపోయింది.

దారిలో సారమ్మ ఫోను చేసింది. "కూటానికి అందరొచ్చిన్రు. ఏడున్నరు మీరిద్దరు?"

"కాంటా నడుస్తున్నది," అన్నాడు అబ్బయ్య.

"ఒక్క పెట్టెకు ఇంతసేపా?"

"కరెక్టుగ ఏస్తున్న."

చెంగిచెర్లలో ఏం జరిగిందంటే, టెంట్‌హౌస్ కూలీలు ట్రాలీలో ఉన్నదంతా దించేశారు. గుడ్డలు, కుర్చీలు, ఎర్రటి కొత్త సూట్‌కేసు. ఎల్లేష్ ఆ సమయంలో టీ తాగుతున్నాడు. టీ అయ్యాక వంట సామాను కోసం రెండో ట్రిప్పుకు బయలుదేరాడు. ఇంటాయన నరసింహమూర్తి భీమవరం నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన బడి మాస్టారు. ఆ పెట్టెను చూసి ఆయన మురిసిపోయాడు. పెళ్లికొడుకు వారు నాగోల్ నుంచి బయలుదేరామని అప్పుడే ఫోను చేశారు. ఆడపిల్లకు పెట్టే చీరలు ముందుగా బండిలో పంపించారన్నమాట, ఎంత పద్ధతి గల మనుషులు అనుకున్నాడు. ఆయన భార్య అరుణకుమారి చీరలు చూద్దామని ముచ్చటపడి, చిన్న తాళాన్ని పట్టకారుతో ఊడబెరికింది.

పెట్టెలో చీరలు లేవు. దళసరి ఉన్ని కోట్లు, ఉన్ని టోపీలు, ఉన్ని చేతి తొడుగులు, ఉన్ని పైజామాలు.

అబ్బయ్య, ఫెబా గేటు దగ్గర స్కూటీ దిగేసరికి పెళ్లివారు కూడా అప్పుడే కార్లు దిగి, పళ్లాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. నరసింహమూర్తి చేతిలో ఉన్ని పైజామా ఊగుతోంది.

"మా హరిత హైదరాబాదు దాటి రాదని మొదటి రోజే చెప్పాం కదండీ! ఇక్కడ బళ్లో ఉద్యోగం చేసుకుంటానంటేనే ఈ సంబంధం కుదిరింది. కుర్రాడు ఊరు కదలడని మీరు మాటిచ్చారు. మరి ఇవన్నీ ఏమిటి? ఏ మంచుకొండలకు తీసుకుపోతున్నారు మా పిల్లని?"

పెళ్లికొడుకు తేజేష్ పట్టు షేర్వాణీలో చెమటలు కక్కుతున్నాడు. "అంకుల్, నా ఆఫీసు ఉప్పల్లోనేనండీ. అక్కడ ఏసీ కూడా సరిగ్గా పనిచెయ్యదు. నాకు ఉన్ని పైజామాలు ఎందుకండీ?"

"ఏవండీ, ఇంకా ఉంది!" అంటూ లోపలి నుంచి అరుణకుమారి పాస్‌పోర్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఎవరో అమ్మాయి ఫోటో! వీసా కూడా ఉంది! ఈ అబ్బాయి ఇంకో పిల్లతో వెళ్లిపోతున్నాడండీ!"

పెళ్లికొడుకు వారి తరఫున ఒక పెద్దావిడ పళ్లెంతో సహా కుర్చీలో కూలబడింది. సరిగ్గా అప్పుడే ఫెబా, "ఆంటీ, అది నాది!" అని అరుస్తూ షామియానాలోకి దూసుకొచ్చింది.

అరుణకుమారి ఫోటో చూసింది. ఫెబాను చూసింది. మళ్లీ ఫోటో చూసింది. యాభై తలలు ఒక్కసారి ఫెబా వైపు తిరిగాయి.

"అయిపోయింది. పిల్లే వచ్చేసింది," అన్నాడు నరసింహమూర్తి నీరసంగా.

ఆయాసపడుతూ వచ్చిన అబ్బయ్య రెండు చేతులూ జోడించాడు. "సార్, నా బిడ్డ జిందగీ మీ చేతుల్ల ఉన్నది. ఆ పెట్టె ఇప్పియ్యున్రి."

"వాళ్ల నాన్నని కూడా తీసుకొచ్చిందయ్యా!" అని నరసింహమూర్తి తేజేష్ వైపు తిరిగాడు. "ఇంత పెద్దమనిషి చేతులు జోడించి ఏడుస్తున్నాడు. ఇంకా ఏం చెప్తావు నువ్వు?"

"ఈ అమ్మాయి ఎవరో నాకు తెలీదండీ!"

"అవును సార్, తెల్వదు! తప్పంత నాదే. నేనే పో అన్న, పోయింది," అన్నాడు అబ్బయ్య.

"కన్నతండ్రివి, నువ్వే పొమ్మన్నావా?" అని అరుణకుమారి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"బండిని అమ్మా, బండిని! నిండు కాంటా ఏసిన. ఖాళీ కాంటాకు ఆగమని చెప్పుడు మర్శిన. ఇగో, నేను కాంటా ఆపరేటర్‌ను!" అంటూ అబ్బయ్య ఇత్తడి బిళ్ల ఉన్న తాళంచెవిని నరసింహమూర్తి ముక్కు ముందు ఆడించాడు. దాని వల్ల ఎవరికీ ఏమీ తెలియలేదు. పెళ్లివారిలో ఒకాయన మాత్రం ఇల్లరికం తాళంచెవి కాబోలని పక్కాయన చెవిలో అన్నాడు.

ఆ గలాటాలో పెళ్లికూతురు హరిత లోపలి గదిలోంచి బయటికొచ్చింది. చేతిలో ఫైలు ఉంది. బడి పంతులమ్మ కాబట్టి, అందరూ ఊహిస్తూ ఉంటే ఆమె ఒక్కతే చదివింది.

"నాన్నా, కాస్త ఊరుకోండి. ఇది యూనివర్సిటీ ఉత్తరం. ఈ అమ్మాయి ఫిన్లాండ్‌కి చదువుకోడానికి వెళ్తోంది. టికెట్ మీద ఇవాళ్టి తేదీ ఉంది." ఆమె ఫెబా దగ్గరికొచ్చి పాస్‌పోర్టు చేతిలో పెట్టింది. "మా వాళ్లని క్షమించండి. మీకు ఆలస్యమవుతోందేమో కదా?"

ఫెబా పాస్‌పోర్టును గుండెకు హత్తుకుని, ఎవరో ఏమిటో తెలియని పెళ్లికూతుర్ని గట్టిగా కౌగిలించుకుంది. అప్పుడే వంట సామానుతో రెండో ట్రిప్పు తెచ్చిన ఎల్లేష్ ట్రాలీ దిగి, అబ్బయ్యను చూసి ఆశ్చర్యపోయాడు.

"అన్నా, నువ్వొచ్చినవేంది?"

"ఎందుకు పోయినవ్‌రా పెట్టెతోని?"

"నువ్వే పొమ్మంటివి గదన్నా. కాంటా మీద నువ్వు పో అన్నంక పోకుండ ఉన్ననా ఎన్నడన్న?"

నరసింహమూర్తికి ఇప్పుడు సిగ్గుతో పాటు ఉత్సాహం ముంచుకొచ్చింది. చదువుకోడానికి దేశం దాటి వెళ్లే పిల్ల తన ఇంటి గుమ్మంలోకి రావడం ఎంత శుభమో పెళ్లివారికి గట్టిగా వివరించాడు. తేజేష్ చేత కూడా ఫెబాకు శుభాకాంక్షలు చెప్పించాడు, అతను చాలా దూరంగా నిలబడే చెప్పాడు. అరుణకుమారి రెండు పెద్ద డబ్బాల పూతరేకులు తెచ్చి, వద్దంటున్నా వినకుండా పెట్టెలో కుక్కింది. తలా ఒక చెయ్యి వేసి ఉన్ని బట్టలన్నీ తిరిగి సర్దారు. అబ్బయ్య కూడా తొందరలో చేతిలో ఉన్నవన్నీ పైజేబులో తోసి జిప్పు లాగాడు.

ఎల్లేష్ ట్రాలీలో పెట్టె, పెట్టె పక్కనే దాన్ని రెండు చేతులా పట్టుకుని అబ్బయ్య, ముందు స్కూటీ మీద ఫెబా. ఆ ఊరేగింపు నాచారం చేరేసరికి ఒంటిగంటన్నర.

ఇంట్లో కూటం ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో ఆ పిల్ల రాకుండా ముగించడం భావ్యం కాదని పాస్టరుగారు ఫెబా చదువు నుంచి ఫిన్లాండ్ దేశానికి, అక్కడి నుంచి చుట్టుపక్కల దేశాలకు ప్రార్థన పొడిగించుకుంటూ వచ్చారు. ఫెబా గుమ్మంలో కనపడగానే ఆయన నార్వేను సగంలో వదిలేసి "ఆమెన్" అన్నారు. ఇల్లంతా అంతకంటే గట్టిగా "ఆమెన్" అంది. భోజనాలు వేడి చేయడం మూడోసారి.

సారమ్మ సూట్‌కేసును ఒకసారి ఎత్తి దించి, భర్త ముఖంలోకి చూసింది. "కిలోన్నర ఎక్కువైంది. ఏం పెట్టినవ్?" జరిగిందంతా అబ్బయ్య చెప్పక తప్పలేదు. ఆమె తిట్టలేదు. పూతరేకుల డబ్బాలు తీసి, మంచం కింద పెట్టె బయటికి లాగి, అందులో సర్దింది. కాలితో తోయడానికి అబ్బయ్యకు ఈసారి ధైర్యం చాలలేదు.

శంషాబాద్‌కు కిరాయి కారులో వాళ్ల ముగ్గురితో పాటు ఎల్లేష్ కూడా ఎక్కాడు. "అన్నా, నా ఫోను కాంటా గదిలనే ఉన్నది," అన్నాడు బయలుదేరేటప్పుడు. "ఇప్పుడు అటు పోతే ఆలస్యమైతది. వాపసొచ్చినంక ఇస్త," అన్నాడు అబ్బయ్య.

విమానాశ్రయంలో టికెట్ ఉన్నవాళ్లకే లోపలికి ప్రవేశం. ఫెబా ఒక్కతే బండి తోసుకుంటూ వెళ్లింది. మిగతా ముగ్గురూ అద్దాలకు ముఖాలు ఆనించి నిలబడ్డారు. కౌంటరు మీద పెట్టె ఎక్కడం కనిపించింది. కాసేపటికి ఫోను మోగింది.

"డాడీ, ఇరవై రెండున్నర వచ్చింది!"

అబ్బయ్య కళ్లు తుడుచుకున్నాడు.

"డాడీ, ఇంకో పెట్టె ఏదీ అని అడుగుతున్నరు. స్టూడెంట్ టికెట్ అంట. ఇరవై మూడు కిలోలవి రెండు పెట్టెలు తీస్కపోవచ్చంట. టికెట్ కింద చిన్నగ రాసున్నది. మనం చూడనే లేదు!"

పొద్దుటి నుంచి పరిగెత్తిన పరుగు, చెంగిచెర్ల, యాభై తలలు, నార్వే దాకా వెళ్లిన ప్రార్థన, అంతా అబ్బయ్య కళ్ల ముందు తిరిగింది. అతను పక్కకు చూసేసరికి సారమ్మ అక్కడ లేదు. తను చెప్పకుండా కారు డిక్కీలో పెట్టించిన రెండో పెట్టె తీసుకుని ద్వారం వైపు నడుస్తోంది. ఫెబా భద్రతా సిబ్బందిని బతిమాలి, ద్వారం దగ్గరికి పరిగెత్తుకొచ్చి పెట్టె అందుకుంది. తొక్కు వాసనకు ఒక జవాను కొంచెం మెత్తబడ్డాడు.

"ఈ రెండోది ఎవ్వలు తూయలే," అన్నాడు అబ్బయ్య కంగారుగా.

"నేను ఎత్తి సూసిన. సరిగ్గ ఇరవై మూడు," అంది సారమ్మ.

ఫోనులో ఫెబా నవ్వుతూ అరిచింది. "డాడీ! ఇరవై మూడు! ఒక్క గ్రాము అటూ లేదు, ఇటూ లేదు!"

అబ్బయ్య భార్య అరచేతిని పట్టుకుని తిప్పి చూశాడు. పాతికేళ్లుగా అది తన ఇంట్లోనే ఉంది. "ఆ కౌంటరు కాంటాకు తూనికల ఆఫీసోళ్లు స్టాంపింగ్ ఎప్పుడేసిన్రో అడుగు బిడ్డా," అన్నాడు ఫోనులో.

రెండు పెట్టెలూ బెల్టు మీద కదిలి లోపలికి పోయాయి. ఫెబా వెనక్కి తిరిగి అద్దాల వైపు చెయ్యి ఊపింది. ఇరవై ఏళ్ల పిల్ల, అంత దూరం నుంచి కూడా పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. అబ్బయ్య ఏదో పెద్ద మాట చెప్పాలనుకున్నాడు. చెయ్యి మాత్రం దానంతటదే లేచింది.

"రైట్, పో బిడ్డా," అన్నాడు ఫోనులో. "జనవరిల ఖాళీ కాంటాకు రావాలె. మర్శిపోకు."

"నీ కాంటా నుంచి పోయిన బండి రాకుండ ఉంటదా డాడీ?" అంది ఫెబా. జనంలో కలిసిపోయింది.

ఎల్లేష్ మెల్లగా, "పోదమా అన్నా? ఫోను తీస్కోవాలె," అన్నాడు. అబ్బయ్య చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబులు తడుముకున్నాడు. ఇత్తడి బిళ్ల ఉన్న కాంటా గది తాళంచెవిని చెంగిచెర్లలో నరసింహమూర్తి ముక్కు ముందు ఆడించడం గుర్తొచ్చింది. దాన్ని సూట్‌కేసు పైజేబులో తోసి జిప్పు లాగడం కూడా గుర్తొచ్చింది.

అబ్బయ్య ముఖం చూసి ఎల్లేష్‌కు విషయం అర్థమైంది. అద్దాల అవతల ఖాళీగా తిరుగుతున్న బెల్టు వైపు చాలాసేపు చూశాడు.

"అయితే అన్నా, నా ఫోను గూడ జనవరిలనేనా?"